పొడవు కొలవడానికి నాలుగు చేతులు కావాలి

సంపాదకులకు,

అంగన్‌వాడీల్లో ప్రతి నెలా పిల్లల బరువు, పొడవు కొలిచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తారు. బరువు చాలావరకు సరిగానే వస్తుంది. తూకం సున్నా చూపుతోందో లేదో చూసుకుని, స్వెట్టరు, డైపరు, వెండి కడియాలు తీసేస్తే చాలు. చిక్కంతా పొడవుతోనే.

పన్నెండు నెలలు నిండిన మగబిడ్డ ఉన్నాడనుకుందాం. అసలు పొడవు 72 సెం.మీ., బరువు 7.4 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఆ పొడవుకు కనీసం 7.6 కిలోలు ఉండాలి, అంటే వీడు బక్కచిక్కినట్టే. మోకాలు వంగి ఉండగా కొలిచి 70 అని రాస్తే, ఆ పొడవుకు 7.2 చాలు కాబట్టి యాప్‌లో మామూలుగా ఉన్నట్టు వస్తుంది. పైగా ఆ వయసుకు 71 కంటే తక్కువ కాబట్టి లేని గిడసబారుతనం (వయసుకు తగ్గ పొడవు లేకపోవడం) వచ్చి చేరుతుంది. రెండు సెంటీమీటర్ల తేడాతో అదనపు తిండి అందాల్సిన బిడ్డ జాబితాలోంచి జారిపోతాడు.

రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి. పొడవు కొలిచే బల్లను చాప మీద కాదు, గట్టి నేల మీద పెట్టాలి. పిలక, క్లిప్పులు విప్పేయాలి. ఆయా తల వైపు కూర్చుని, రెండు చేతులతో తలను బల్ల తలవైపు పలకకు ఆనించి, బిడ్డ చూపు నేరుగా పైకి ఉండేలా పట్టుకోవాలి. టీచరు ఒక చేత్తో మోకాళ్లు మెల్లగా నొక్కి, రెండో చేత్తో కాళ్ల పలకను అరికాళ్లకు ఆనించి, మిల్లీమీటరు దాకా చదవాలి. వెంటనే మళ్లీ కొలవాలి. రెండు కొలతల మధ్య 0.7 సెం.మీ. మించి తేడా ఉంటే రెండూ పక్కనపెట్టి మొదటి నుంచి కొలవాలి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే తల్లి సముదాయించేదాకా ఆగడమే మేలు.

అయితే ఆ వేళకు ఆయా పొయ్యి దగ్గర ఉంటుంది. టీచరు ఒక్కతే తలా కాళ్లూ పట్టుకోలేక పోయిన నెల అంకెకు ఒకటి కలిపి రాసేస్తే తప్పు ఆమెది కాదు. కొలతలు పొయ్యి వెలిగించకముందే ముగిసేలా వేళ మార్చాలి, లేదా ఆ రోజు వంటకు మరొకరిని పెట్టాలి.

తిండి సంగతి అడిగేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. "పప్పన్నం పెట్టాను" అంటే పప్పు పెట్టారా, పైన తేరిన కట్టు పోశారా అని అడగండి. నిన్న పొద్దుట్నుంచి రాత్రి దాకా ఏమేం పెట్టారో వరుసగా చెప్పించండి. కట్టును పప్పు కింద లెక్క వేయకూడదు.

– శిశు పోషణ శిక్షకులు, ఖమ్మం