నాన్న అబద్ధాలు చెప్పట్లేదన్న ఆవిడకు

17 రోజుల తర్వాత నిన్న నాన్నను ఇంటికి తెచ్చుకున్నాం. నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

మెదడు ముందు భాగంలో రెండు రక్తనాళాలను కలిపే చిన్న నాళం బుడగలా ఉబ్బి పగిలింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ బుడగ మూసుకుపోయేలా కాయిల్ (సన్నటి తీగచుట్ట) పెట్టారు. ప్రాణం నిలబడింది. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, మాట స్పష్టంగా ఉంది. ఆ మాటలే మమ్మల్ని భయపెట్టాయి. మంచం దిగని మనిషి "పొద్దున ఆఫీసుకెళ్లాను, మీటింగ్ లేటయింది" అనేవారు. ఇలా నాళం పగిలాక మెదడు మరింత దెబ్బతినకుండా ఇచ్చే నిమోడిపిన్ మాత్ర 21 రోజులపాటు నాలుగు గంటలకోసారి పడాలి. ఇప్పుడే వేసుకున్నానంటూ నోరు తెరిచేవారు కాదు.

ఒక రాత్రి 2 గంటల డోసు దగ్గర నా ఓపిక పోయింది. "ఎందుకు నాన్నా ఇన్ని అబద్ధాలు?" అని అరిచేశాను. పక్క మంచం పేషెంటు భార్య లేచి వచ్చి నా చేతిలో గ్లాసు తీసుకుంది. "మీటింగ్ సంగతి తర్వాత అన్నయ్యగారూ, ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నారు, ఈ మాత్ర వేసుకోండి" అంది. వేసుకున్నారు. తర్వాత నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. "అబద్ధం కాదమ్మా. జ్ఞాపకం లేనిచోట మెదడే ఏదో ఒకటి పెట్టేస్తుంది. ఆయనకది నిజమే. మా ఆయన నన్ను వాళ్లక్క అనుకుంటున్నాడు" అంది. తన కష్టం ఆ ఒక్క ముక్కలో చెప్పేసి, తెల్లారేదాకా నా ఏడుపు విన్నది. మర్నాడు ఒక అట్టమీద తేదీ, ఎక్కడున్నారు, ఏ డోసు పడింది రాసి టిక్కు పెట్టించడం నేర్పింది. ఆ అట్ట ఇప్పుడు నాన్న మంచం ఎదురుగా ఉంది. మేం బయల్దేరేటప్పుడు ఆవిడ కుర్చీలో నిద్రపోతోంది. లేపడానికి మనసు రాలేదు. పేరు కూడా అడగలేదు.

ఈ మాట ఆస్పత్రిలో ముందే ఎందుకు చెప్పరు? స్కాన్ బాగుందన్నారు, అంతే. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లన్నీ ఉన్నాయి, జ్ఞాపకం గురించి ఒక్క ముక్క లేదు. దీన్ని కాన్‌ఫ్యాబులేషన్ అంటారని, ఆ నాళం పగిలినవాళ్లలో కనిపించేదేనని, చాలామందిలో మెల్లగా తగ్గుతుందని నేను వెంటపడి అడిగితే తెలిసింది. మొదటి వారమే చెప్పి ఉంటే నాన్న మీద అరిచేదాన్ని కాదు.

అమ్మకీ తమ్ముడికీ వేరే చెప్పక్కర్లేదు. రాత్రి డ్యూటీ నర్సులకు, స్ట్రెచర్ పరుగున తోసిన అబ్బాయికి థాంక్స్. అయ్యో, అసలాయన్నే మరిచిపోయాను! ఇది మామూలు తలనొప్పి కాదని వెంటనే సీటీ స్కాన్‌కి పంపిన డ్యూటీ డాక్టరుగారికి చేతులెత్తి దండం. మా పై అంతస్తువాళ్లకు కూడా, పిల్లల్ని చూసుకున్నందుకు.

డోసు టైమైంది, వెళ్లాలి.