రాయగడ నుంచి హైదరాబాద్‌కి 42 నిమిషాలట!

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: దూరం, సమయం తప్పుగా లెక్కగట్టడం వల్ల తప్పిపోయిన విమానం డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మను హైదరాబాద్ ఆస్పత్రిలో చూపించడానికి ఇంటి దగ్గర కారు, విశాఖలో విమానం కలిపి మీ యాప్‌లో ప్యాకేజీ తీసుకున్నాను. మా వైపు వాళ్లకు భువనేశ్వర్ కాకుండా విశాఖ చూపించారు, అంతవరకు నయం.

రాయగడ, హైదరాబాద్ అని కొట్టగానే మీ యాప్ చెప్పింది ఇదీ: దూరం 557 కిలోమీటర్లు, విమాన ప్రయాణం 42 నిమిషాలు. మా ఊళ్లో టికెట్ కొని ఎక్కే విమానమే లేదు. మరి ఆ 42 నిమిషాలు ఎవరికి? పటం మీద సూటిగా గీత గీసి, గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగించేసినట్టున్నారు. విమానం పైకెళ్లి కుదురుకున్నాక ఉండే వేగం అది. విశాఖ నుంచి శంషాబాద్‌కి సూటి దూరం 510 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అదే లెక్కన 40 నిమిషాల్లోపే చేరాలి, కానీ టైంటేబుల్లో గంటంపావుకు అటూ ఇటూగా ఉంటుంది. స్టాండు నుంచి కదలడం, రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడానికి వంతు కోసం ఆగడం అన్నీ అందులోకే వస్తాయి.

ఇంతవరకే అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కారుకు కూడా అదే గీత వాడారు! విశాఖకు 162 కిలోమీటర్లు, మూడు గంటలు అనుకుని, తొమ్మిదిన్నర విమానానికి తెల్లవారుజామున అయిదింటికి కారు పంపారు. కారు గాల్లో పోదు కదండీ. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రోడ్డు దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు. కూనేరు దాటాక గుంతలు, లారీల వరుస. "ఈ టైముకి అందదు బాబూ, ఆఫీసోళ్లకి చెప్తే వింటారా" అన్నాడు డ్రైవరు. విజయనగరం చేరేసరికి కౌంటర్ మూసేశారని మెసేజ్. అమ్మ రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకుని, టిఫిన్ తినకుండా షుగర్ మాత్ర వేసుకోవచ్చా అని అడుగుతోంది. నేనేమో ఫోన్లో సాయంత్రం విమానం వెతుకుతున్నాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ పోయింది.

దీనికి మీ జవాబు "నో షో, డబ్బు రాదు" అని, అంటే ప్రయాణికుడే విమానానికి రాలేదని. కారు మీది, బయల్దేరే టైము మీరు పెట్టింది, నో షో మాత్రం నాదా?

పోయిన రెండు టికెట్ల డబ్బు, కొత్త టికెట్లకు అదనంగా కట్టింది నాకు ఇప్పించండి. బిల్లులు జత చేశాను. కారు టైము రోడ్డు దూరాన్ని బట్టి లెక్కవేయండి. విమానాశ్రయం లేని ఊళ్లకు విమాన సమయం చూపించడం ఆపండి. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు కూడా మీ యాప్ నమ్మే బయల్దేరతారు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు దాకా రానక్కర్లేదు.

ఇట్లు,
మీ ప్యాకేజీ కొన్న ప్రయాణికుడు,
రాయగడ