సుజీకి అమ్మ ఉత్తరం, 2025 నవంబర్ 5 లోపు చదువు

సుజీ తల్లీ,

ఎలా ఉన్నావు, పిల్లలెలా ఉన్నారు? ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటున్నావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. పెద్ద విషయమేం కాదు, ఊరికే ఇక్కడి కబుర్లు. ఆఫీసు మధ్యలో కంగారుగా చదవద్దు, అన్నం తిన్నాక చదువుకో.

మోంథా తుఫాను కాకినాడ వైపు పోయింది గానీ మనకీ వానలు తప్పలేదు. విల్లివాక్కంలో మన వీధి మలుపు దగ్గర ఎప్పటిలాగే నీళ్ళు నిలబడ్డాయి, పాలబ్బాయి రెండు రోజులు ప్యాంటు మడుచుకునే వచ్చాడు. దీపావళికి నువ్వొస్తావని చేసిన చక్రాలు, అరిసెలు నీ భాగం డబ్బాలో అట్లాగే ఉన్నాయి. మీ నాన్న రోజూ మూత తీసి చూస్తారు, మళ్ళీ మూసేస్తారు, ఒక్కటీ ముట్టుకోరు. శారద వదిన మనవడికి పెడదామంటే వద్దంటారు.

ఇంక మన చెన్నైలో అయితే మాస్టర్స్ సందడే సందడి. ఇంకెన్ని రోజులు, 5వ తేదీ వచ్చేస్తోంది, 9 దాకా నెహ్రూ స్టేడియంలో ఏషియా మాస్టర్స్, పెద్ద వయసు వాళ్ళ అథ్లెటిక్స్ పోటీలు. మన ఇంట్లో ఫోను పెట్టేస్తే మోగుతుంది. మీ నాన్న ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు కూడా ఇంత బిజీగా లేరు. నెల్లూరు నుంచి ఒకరు, తిరుపతి నుంచి ఒకరు, పెరియమేట్‌లో లాడ్జి దొరుకుతుందా, సెంట్రల్ నుంచి స్టేడియానికి నడిచి పోవచ్చా, పొద్దున్నే ఇడ్లీ ఎక్కడ దొరుకుతుంది, పాస్‌పోర్టు ఒరిజినల్ తేవాలా జిరాక్స్ చాలా, అన్నీ ఈయన్నే అడుగుతున్నారు. విజయవాడ వాళ్ళయితే తుఫానుకి రైళ్ళు రద్దయ్యాయని ఒకటే కంగారు, అంతలోనే బస్సులో అయినా వచ్చేస్తాం సార్ అంటున్నారు. 68 ఏళ్ళాయన, లాంగ్ జంప్ చేస్తాడట, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి దూకుతానంటాడు. నడుం పట్టేస్తుంది, ఒక రోజు ముందే రండి, మా ఇంట్లో పడుకోండి అని నేనే ఫోను లాక్కుని చెప్పాను.

నాన్న షాట్‌పుట్ ఇనప గుండు సంగతి నీకు తెలుసుగా. డెబ్భైల్లో ఉన్న మగవాళ్ళకి షాట్‌పుట్ 4 కిలోలదే, అదే పాతికేళ్ళ కుర్రాళ్ళకయితే 7.26. అది మంచం కింద పెట్టుకుంటారు, రాత్రి కాలు తగిలి దొర్లిందంటే కింద వాటా వాళ్ళు పొద్దున్నే పైకి వచ్చి ఏమైందండీ అని అడుగుతారు. గోనెసంచి కింద పరవమంటే వినరు.

రేణిగుంట పిన్ని మొన్న ఫోన్ చేసింది. ఆవిడకి మీ అత్తగారు చెప్పారట, ఈ మాస్టర్స్‌లో అడ్డుకర్రలు దూకే పరుగు, అదే హర్డిల్స్‌కి ఇచ్చిన పేరు నువ్వు తీసేయించుకుంటున్నావని. నేను నమ్మలేదు. పిన్ని మాటలు నీకు తెలియనివా, పెద్దాడి పెళ్ళప్పుడు ఎంత గోల చేసింది. సరే, అది వదిలెయ్.

వంటింటి గుమ్మానికి మీ ఇద్దరి ఎత్తులు పెన్సిల్‌తో గీసి ఉంటాయి చూడు, రంగులు వేసినప్పుడు కూడా నాన్న అది వెయ్యనివ్వలేదు. ఇప్పుడు దాని పక్కనే కొత్తగా ఇంకో రెండు గీతలు గీశారు. పై గీత 33 అంగుళాలు, నువ్వు యూనివర్సిటీకి పరిగెత్తినప్పటి హర్డిల్ ఎత్తు, 83.8 సెంటీమీటర్లు. కింది గీత 30 అంగుళాలు, 76.2. నలభై నిండిన ఆడవాళ్ళకి అంతేనట, దూరం కూడా వంద కాదు 80 మీటర్లే, పది హర్డిల్స్ కాదు ఎనిమిదే. ఇదంతా నువ్వే ఆగస్టులో పుట్టినరోజు నాడు ఫోన్‌లో చెప్పావు, అమ్మా నాకు నలభై వచ్చేసింది అని ఎంత సంతోషంగా చెప్పావో, నలభై వచ్చిందని అంత సంబరపడ్డ మనిషిని నేను ఎక్కడా చూడలేదు. మాస్టర్స్‌లో అదే నాకు బాగా నచ్చింది. పోటీ మొదలయ్యే రోజుకి ఎన్నేళ్ళు నిండాయో చూస్తారు, ఐదేళ్ళకో గ్రూపు, గ్రూపు మారిన ఏడాది నువ్వే అందరికంటే చిన్నదానివి. వీపు మీద ఆ గ్రూపు నంబరు కట్టుకుని మరీ పరిగెత్తాలి, వయసు దాచుకోవడానికి లేదు. 30 అంగుళాలంటే ఎంతో చూద్దామని చిన్నోడి పీట పెట్టి చూశాను, నా నడుం దాకా కూడా రాదు. అది నువ్వు దాటలేవా?

దాటలేవని కాదులే. మోకాలు నొప్పయితే వేరే సంగతి. అందుకే అడుగుతున్నా, ఎమ్మారై తీయించుకున్నావా? పిన్ని ఆ మాట కూడా అంది, ఎడమ మోకాలని. బెంగళూరు కంఠీరవ స్టేడియంలో తడిలో ప్రాక్టీస్ చేసి జారావా? పోనీ నువ్వు చెప్పాలనుకున్నప్పుడే చెప్పు.

నువ్వు పదేళ్ళప్పుడు 1995 డిసెంబర్‌లో దక్షిణాసియా దేశాల సాఫ్ గేమ్స్‌కి ఇదే స్టేడియానికి తీసుకెళ్ళాం గుర్తుందా, జనం మధ్యలో నీ చెప్పు ఒకటి పోయింది, నాన్న భుజాల మీద ఎక్కి చూశావు. ఇంటికొచ్చి దిండ్లు వరసగా పేర్చి దూకడం మొదలుపెట్టావు, బామ్మ తిట్టినా మానలేదు.

ఆవడి నుంచి వచ్చే ముసలావిడ, అందరూ ఆవడి అమ్మమ్మ అంటారు, ఆవిడ గురించి నీకు చెప్పానో లేదో. పొద్దున వాకింగ్‌కి వస్తుంది, మనవరాలి స్కూలు బూట్లు వేసుకుని వచ్చేది మొదట్లో. ఎవరో చెప్పారని రేస్ వాక్‌లో పేరిచ్చింది. పోయినేడు మీట్‌లో ఆవిడతో నేనూ వెళ్ళాను, నీళ్ళ సీసా, టవలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నా. 5000 మీటర్లంటే ఆ ట్రాక్ చుట్టూ పన్నెండున్నర రౌండ్లు. నడకే కదా అనుకుంటారు గానీ దానికి రూల్స్ ఉన్నాయి తల్లీ, ఎప్పుడూ ఒక పాదం నేలని తాకుతూనే ఉండాలి, ముందుకి వేసిన కాలు నేలకి తగిలినప్పటి నుంచి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. జడ్జీలు ట్రాక్ పక్కన అక్కడక్కడా నిలబడి కాళ్ళనే చూస్తుంటారు. తప్పు అనిపిస్తే ముందు పసుపు రంగు గుండ్రటి బిళ్ళ చూపిస్తారు, దాని మీద ఒకవైపు వంగిన మోకాలి గుర్తు ఉంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే రెడ్ కార్డు, నంబరు బోర్డు మీద పెడతారు, మూడు రెడ్లయితే బయటికే. ఈవిడకి నాలుగో రౌండుకే ఒక రెడ్ పడింది, తొందరపడి నడిచింది మరి, ముందు వాళ్ళని అందుకోవాలని. ఏడో రౌండులో రెండోది. నాకు గుండె దడ. ఆవిడ బోర్డు వైపు చూసింది, చూసి, చీర అలవాటు కదా, ట్రాక్ ప్యాంటునే కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు ఓసారి సర్దుకుని, నడక తగ్గించేసింది. ఇంక ఒక్కో అడుగూ కొలిచి వేసినట్టే, మోకాలు బిగపట్టి, మడమ ఆనించి. అందరూ అయిపోయారు. రెండు రౌండ్లు ఆవిడొక్కతే. అవతల స్ట్రెయిట్‌లో హర్డిల్స్ పేర్చడానికి కుర్రాళ్ళు వచ్చి, మొదటి లేన్ వదిలి మిగతావి పేర్చుకుంటూ ఆగారు. ఎవడో పోకిరి గట్టు మీద నుంచి అరిచాడు, అవ్వా చాలు ఇంటికి పో అని అరవంలో. నాకు ఒళ్ళు మండిపోయింది, లేచి వాడి వైపు వెళ్ళబోయాను, ఇంతలో ఆవిడ నా ముందు నుంచి వెళ్తూ, తల తిప్పకుండా, ఇంకా ఎన్ని అని వేళ్ళతో అడిగింది. ఒకటి అని చూపించాను. పూర్తి చేసింది. బూట్లు విప్పితే మడమ మీద బొబ్బ పగిలి సాక్సుకి అంటుకుపోయింది, అది ఊడదీస్తూ నన్ను అడిగిన మొదటి మాట, రేపు షాట్‌పుట్ ఎన్నింటికి అని. ఆవిడ ఇప్పుడు ఈ ఏషియా మాస్టర్స్‌కి పేరిచ్చింది. కొత్త బూట్లు కొనిచ్చాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎందుకూ లేదు, గుర్తొచ్చింది.

నాన్న చెప్పడం ఏంటంటే అరవై దాటిన వాళ్ళ పేర్లు కుప్పలు తెప్పలుగా వచ్చాయట, నడక, వంద మీటర్లు, గుండు అన్నిటికీ. నలభైల్లో ఆడపిల్లలే రారు. పిల్లల పరీక్షలు, ఆఫీసు, అత్తమామల మందులు, అన్నీ ఆ వయసులోనే మీద పడతాయి కదా, రమ్మంటే ఎక్కడొస్తారు. అందులోనూ హర్డిల్స్ అంటే మరీ తక్కువ, పేర్లు మరీ తగ్గితే రెండు మూడు గ్రూపుల్ని కలిపి ఒకేసారి పరిగెత్తిస్తారు, పతకాలు మాత్రం ఎవరి గ్రూపుకి వాళ్ళకే. అలా తక్కువ ఉన్న చోట ఒక్క పేరు పోయినా తెలిసిపోతుంది. నాన్న లిస్టు చూసినప్పుడల్లా నీ పేరు దగ్గర వేలు పెట్టి ఆగుతారు. ఆయనకి పిన్ని చెప్పిన మాట నేను చెప్పలేదు.

మీ అత్తగారు ఏమన్నా అన్నారా? నలభై ఏళ్ళప్పుడు పొట్టి నిక్కరు వేసుకుని పరుగులేంటి అని ఎవరైనా అని ఉంటే, అన్నవాళ్ళు ఎవరైనా సరే, నువ్వు వాళ్ళకి ఎదురు చెప్పద్దు, గొడవ పెట్టుకోవద్దు, కానీ పేరు మాత్రం తియ్యద్దు. చండీగఢ్ మన్ కౌర్‌కి 93 ఏళ్ళప్పుడు కొడుకు గురుదేవ్ సింగ్ పరుగు మొదలుపెట్టించాడు, 2017లో ఆక్లాండ్‌లో 101 ఏళ్ళకి వంద మీటర్లు పరిగెత్తింది. హర్యానా రాంబాయి 105 ఏళ్ళకి 2022లో వడోదరలో వంద మీటర్లు 45.40 సెకన్లలో. అదే ఏడాది ఫిన్లాండ్ టాంపెరెలో భగవానీ దేవి, 94 ఏళ్ళు, 24.74 సెకన్లలో బంగారు పతకం. ఆ వీడియోలు నాన్న నాకు చూపిస్తూనే ఉంటారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనే ఉంటారు. నువ్వు వాళ్ళలో సగం వయసుదానివి కూడా కాదు. ఇరవై రెండేళ్ళకి ఉద్యోగం, పెళ్ళి అని స్పైక్స్ అటక మీద పడేసినప్పుడు నువ్వు ఒక్క మాట అనలేదు, మేమూ అడగలేదు, ఇప్పుడు నీ అంతట నువ్వు మళ్ళీ పట్టుకున్నావు, దాన్ని ఇంకొకరి మాట మీద వదలకూడదు. చెప్పేసాను, ఇంక ఆ విషయం ఎత్తను.

కాలే నొప్పయితే మాత్రం ఇదంతా మర్చిపో. నొప్పి మీద పరిగెత్తకూడదు, మాత్ర వేసుకుని అసలే కూడదు, మాత్ర వేసుకుంటే నొప్పి తెలీదు, ఇంకా చెడుతుంది. వాన పడితే ట్రాక్ ఆరిందాకా హర్డిల్ జోలికి పోవద్దు. వార్మప్ తక్కువ చేస్తావు నువ్వు, చిన్నప్పుడూ అంతే, కోచ్ ఎన్నిసార్లు చెప్పినా. రాగి జావ తాగుతున్నావా? కిందటిసారి చూసినప్పుడు చెంపలు లోపలికి పోయాయి. రాత్రి పదకొండుకి తినడం మానెయ్, అల్లుడికి కూడా చెప్పు. రక్తం తక్కువుందన్నారు కదా ఏప్రిల్‌లో, ఆ మాత్రలు అయిపోయాక మళ్ళీ టెస్టు చేయించావా లేదా?

పరిగెత్తినా పరిగెత్తకపోయినా నువ్వు మాత్రం రా. మధ్యాహ్నం బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి భోజనాల వేళకి సెంట్రల్‌లో దిగుతావు, నాన్న వస్తారు, ఆటో వాళ్ళతో బేరం ఆడద్దు. కాట్పాడిలో ఏదీ కొనుక్కుని తినద్దు, పెరుగన్నం కట్టుకుని బయల్దేరు. పిల్లలకి సెలవు దొరక్కపోతే ఒక్కదానివే రా, అల్లుడు చూసుకుంటాడు, చూసుకోలేడేం. ముందు గది సర్దాను, వెస్ట్రన్ బాత్రూం ఉన్నదే, మోకాలు వంచక్కర్లేకుండా. పోటీకి దిగకపోతే నా పక్కన గట్టు మీద కూర్చో, ఆవడి అమ్మమ్మకి రౌండ్లు లెక్కపెట్టడానికి నాకొక మనిషి కావాలి. గొడుగు తెచ్చుకో, ఇక్కడివన్నీ చువ్వలు విరిగాయి.

స్పైక్స్ తీసుకురా, ఎందుకైనా మంచిది. సింథటిక్ ట్రాక్‌కి మేకులు తొమ్మిది మిల్లీమీటర్లు దాటకూడదన్నారు నాన్న, పాతవి ఎంత పొడుగో చూసుకో. స్కాన్ తీయించి ఉంటే ఆ కాగితాలు, సీడీ ఇచ్చి ఉంటే అది కూడా, బ్యాగులో పైనే పెట్టుకో. కీల్పాక్‌లో మనకి తెలిసిన ఎముకల డాక్టరు ఉన్నారు, 4వ తేదీ సాయంత్రానికి నీ పేరు చెప్పి ఉంచాను.

ఈ ఉత్తరం సంగతి నాన్నకి తెలీదు. ఫోన్ చేస్తే సాయంత్రం ఐదున్నర దాటాక చెయ్, అప్పుడాయన గుండు పట్టుకుని గ్రౌండుకి వెళ్తారు.

అమ్మ