విదేశీ టూరుకు ముందు తెలుగులో ఒక్క కాగితం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను నల్గొండలో ఉండే రిటైర్డ్ స్టాఫ్ నర్సును. ముప్పై ఏండ్లకు పైగా సర్కారు దవాఖానాల్లో పనిచేశాను. ఈ మధ్య మన జిల్లాలో ఏ పెన్షనర్ల మీటింగుకు పోయినా టూర్ల ముచ్చటే. ఒక బ్యాచ్ బాలికి పోయొచ్చింది, ఇంకో బ్యాచ్ థాయ్‌లాండ్‌కు పైసలు కట్టింది, పొద్దున పేపర్ విప్పితే లోపలి నుంచి టూర్ పాంప్లెట్ జారిపడుతోంది. నాకు సంతోషమే. బతుకంతా తిరుపతి, శ్రీశైలం తప్ప ఇంకో ఊరు చూడని ఆడవాళ్లు ఓడ మీద నిలబడి ఫొటో దిగి పంపిస్తే చూడటానికి ఎంత బాగుంటుందో. కానీ పోయేముందు ఎట్లా తయారు కావాలో ఈ పెద్దవాళ్లకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పడం లేదు. అది చూసొచ్చాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఫిబ్రవరి ఆఖర్లో నేను, మా ఆయన 34 మంది గ్రూపుతో వియత్నాం వెళ్లొచ్చాం. అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు టూర్ వాళ్లు వాట్సాప్‌లో 16 పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్ పంపారు. శంషాబాద్‌లో విమానం కోసం కూర్చున్నప్పుడు ఎంతమంది చదివారని అడిగాను. ఐదుగురు చదివామన్నారు, అందులో ఇద్దరికి పిల్లలు చదివి చెప్పారట. మిగతావాళ్లు "అంతా టూర్ మేనేజర్ చూసుకుంటాడు కదమ్మా" అన్నారు. అందరి ధీమా అదే.

ఆరో రోజు హోచిమిన్ సిటీ నుంచి కూచి సొరంగాలు చూడటానికి తీసుకుపోయారు. యుద్ధకాలంలో తవ్వుకున్న సొరంగాలవి, 200 కిలోమీటర్లకు పైగా ఉంటాయి. బస్సులో దాదాపు రెండు గంటలు, దిగాక చెట్ల మధ్య నడక. పదకొండున్నర అవుతుండగా మా గ్రూపులో ఒక సార్, రిటైర్డ్ హెడ్మాస్టర్, 68 ఏండ్లు, ఒక చెట్టు వేరు మీద కూలబడ్డారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పిలిస్తే మాట ఆలస్యంగా వస్తోంది. నాడి పట్టుకుంటే వేగంగా, సన్నగా కొట్టుకుంటోంది, నాలుక చూస్తే పొడిగా గరుకుగా ఉంది. చేతిలో టూర్ వాళ్లు పొద్దున ఇచ్చిన నీళ్ల సీసా అట్లాగే ఉంది, మూత సీలు కూడా తెగలేదు. ఒంటికి ఎప్పుడు పోయారు సార్ అంటే పొద్దున ఐదింటికి అన్నారు. నీళ్లెందుకు తాగలేదు అంటే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది: "బస్సు ఎక్కడ ఆపుతారో తెల్వదమ్మా. మధ్యలో నా ఒక్కడి కోసం ఆపమంటే అందరికీ ఇబ్బంది అని తాగలే."

నా హ్యాండ్‌బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆయన్ను నీడలో పడుకోబెట్టి, కాళ్ల కింద బ్యాగు పెట్టి, మెడకు చంకలకు తడి తువ్వాలు వేసి, ఒక ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించాం. అరగంటకు తేరుకున్నారు. తర్వాత తెలిసింది, ఆయన వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో నీరు తీసే రకం. ఆ మందు చీటీ హోటల్లో సూట్‌కేసులో ఉంది. అక్కడ డాక్టర్ దగ్గరికి పోవాల్సి వస్తే ఏం మాత్ర వేసుకుంటారని అడిగినప్పుడు "తెల్ల మాత్ర" అని చెప్పేవాళ్లం.

ఇందులో ఆయన తప్పేం లేదు. ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లు, ఈ వయసు ఆడవాళ్లు బస్సు ఎక్కుతున్నారంటే ముందు నీళ్లు మానేస్తారు. హైదరాబాద్ బస్సెక్కినా అంతే. టూర్ ప్రోగ్రాంలో ఎన్ని గంటలకు ఏ గుడి, ఎన్ని గంటలకు షాపింగ్ అని రాస్తారు గానీ బాత్రూమ్ కోసం బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో ఒక్కరూ రాయరు. రెండు గంటలకోసారి ఆగుతుందని రాసి చేతికిస్తే ఆ సార్ నీళ్లు తాగేవారు. ఇంత చిన్న విషయం.

ఇంకో మాట. "నల్గొండ ఎండల్లో పుట్టి పెరిగినోళ్లం, మాకు ఆ ఎండ ఒక లెక్కా" అని మా వాళ్లు చాలామంది అన్నారు. 44, 45 డిగ్రీలు చూసినవాళ్లకు అక్కడి 33, 34 తక్కువే అనిపిస్తుంది మరి. కానీ మన ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడేది ఇట్లాగే కదా, అదే కుండ ముసురు పట్టిన రోజు చల్లబడదు. అక్కడ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. నీళ్లు పోతాయి, ఉప్పు పోతుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. గుండె జబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, నీరు తీసే మాత్ర వాడేవాళ్లు ఇట్లాంటి చోట ఎన్ని నీళ్లు తాగాలో, మాత్ర ఎట్లా వాడాలో బయల్దేరే ముందే తమ డాక్టర్‌ను అడగాలి. సొంతంగా మాత్ర మానేయకండి.

మందుల సంగతి కూడా చెప్పాలి, నాకు ఇదే ఎక్కువ బాధ. మా గ్రూపులో సగం మంది మాత్రలన్నీ షీట్ల నుంచి చింపి ఒక డబ్బాలో పోసుకొచ్చారు, డబ్బాను చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టారు. సూట్‌కేసు ఒక రోజు ఆలస్యంగా వస్తే షుగర్ మాత్ర ఎక్కడిది? మందులు షీట్లతో సహా, ఇంగ్లీషులో రాసిన చీటీతో చేతి సంచిలో ఉండాలి, రోజుల లెక్క కంటే నాలుగైదు రోజులకు ఎక్కువ ఉండాలి. నిద్రమాత్రలు వాడేవాళ్లకు చీటీ మరీ ముఖ్యం. ఇన్సులిన్‌ను సూట్‌కేసులో వేయనే వేయొద్దు, విమానం కింది భాగంలో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. పవర్ బ్యాంక్ కూడా చేతి సంచిలోనే ఉండాలి. పచ్చడి సీసాను అందులో పెట్టుకుంటే మాత్రం సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, దాన్ని గట్టిగా ప్యాక్ చేసి పెద్ద సూట్‌కేసులో వేసుకోవాలి.

నీళ్ల గురించి మన జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లు మనవి, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. అయినా అక్కడికి పోయాక మరిచిపోతాం. సీసా నీళ్లు కొనుక్కుని తాగుతాం, పక్కనే బండి మీద చెరుకు రసంలో ఐస్ వేయించుకుంటాం. మా బ్యాచ్‌లో నలుగురికి విరేచనాలు పట్టుకున్నాయి, నలుగురూ రోడ్డు పక్కన ఐస్ వేసిన రసం తాగినవాళ్లే. పళ్లు తోముకున్నాక పుక్కిలించడానికి కూడా సీసా నీళ్లే వాడండి. దోమల విషయం కూడా అంతే. డెంగీ దోమ పగటి పూట కుడుతుంది, కాబట్టి పొడుగు చేతుల బట్టలు, దోమల క్రీము పగలే కావాలి. ఇంటికొచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే ఏ దేశం పోయొచ్చామో డాక్టర్‌కు చెప్పండి. అది డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇంట్లో ఉన్న ఒళ్లునొప్పుల మాత్రలు వేసుకోవద్దు, డెంగీ అయితే వాటితో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది.

ఉష్ణమండల దేశం అంటే అంతా వేడే అనుకోవడం ఇంకో పొరపాటు. వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణం దాకా 1,600 కిలోమీటర్లకు పైగా పొడుగుంటుంది. మేం హనోయిలో దిగిన రోజు సన్నటి ముసురు, చలి. అందరూ కాటన్ బట్టలే తెచ్చుకున్నారు, బస్సులో ఇద్దరు అక్కలు కొంగు తల మీదుగా కప్పుకుని ముడుచుకు కూర్చున్నారు. ఐదు రోజులు గడిచాక అదే దేశంలో దక్షిణాన చెమటతో తడిసిపోయాం. నడుమ దానాంగ్, హోయాన్ వైపు అక్టోబర్, నవంబర్లలో గట్టి వానలు, వరదలు వస్తాయి, మన దసరా, దీపావళి సెలవులు చాలాసార్లు ఆ రోజుల్లోనే పడతాయి. టికెట్ బుక్ చేసేముందు ఇది అడగాల్సిన విషయం.

హాలాంగ్ బేలో తితోప్ దీవి మీదికి నాలుగు వందలకు పైగా మెట్లున్నాయి. పైనుంచి చూస్తే ఆ సముద్రం, ఆ రాతి గుట్టలు చూడాల్సిందే, కాదనను. కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సగం ఎక్కి దిగలేక ఏడ్చినంత పని అయింది. నెలన్నర ముందు నుంచి రోజూ పొద్దున ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నడిచి, నెలకు రెండుసార్లు చెర్వుగట్టు మెట్లెక్కి చూసుకుంటే ఎవరి శక్తి ఎంతో వాళ్లకే తెలుస్తుంది. బూట్లు కూడా అప్పుడే కొనుక్కోండి. ప్రయాణానికి ముందు రోజు కొన్న కొత్త బూట్లతో మా ఆయన మడమలు రెండూ బొబ్బలెక్కాయి.

కాగితాల దగ్గర ఒక్క సంగతి చెబుతాను. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, కొందరికైతే ఆ గడే ఖాళీగా ఉంటుంది. వియత్నాం ఈ-వీసాలో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్ అచ్చంగా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మా గ్రూపులో ఒక పెద్దమ్మకు పుట్టిన తేదీలో నెల, రోజు తారుమారయ్యాయి. బయల్దేరే రెండు రోజుల ముందు వాళ్ల బిడ్డ చూసింది. ఒకసారి పోవడానికి ఆ వీసా ఫీజు 25 డాలర్లు, తిరిగి ఇవ్వరు. అర్జెంటుగా మళ్లీ చేయించడానికి దానికి ఎన్నో రెట్లు అయింది. ఆ రెండు రోజులు ఆ తల్లి టెన్షన్‌తో అన్నం సరిగ్గా తినలేదు. ఫారం టూర్ వాళ్లే నింపారు. నింపిన కాపీ వారం ముందు ఆమె చేతికి ఇచ్చి ఉంటే తప్పు అప్పుడే దొరికేది.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. రాత్రి ఇండియన్ హోటల్ అంటారు గానీ మధ్యాహ్నం ఓడ మీద పెట్టేది చేపలు, రొయ్యలు. ఉత్త కూరగాయల్లో కూడా చేపల సాస్ వేస్తారు. వాళ్ల భాషలో శాకాహారాన్ని 'ఆన్ చాయ్' అంటారు, ఆ మాట వాళ్ల లిపిలో రాసిన చీటీ చూపిస్తే వెంటనే అర్థం చేసుకుంటారు. మాకది నాలుగో రోజు తెలిసింది, అప్పటిదాకా ఇద్దరు ఆడవాళ్లు అటుకులు, సకినాలు తిని గడిపారు. డబ్బులు ఇచ్చేటప్పుడు నోటు మీద సున్నాలు లెక్కపెట్టుకోండి. వాళ్ల డబ్బును డాంగ్ అంటారు. 20 వేల డాంగ్ నోటు, 5 లక్షల డాంగ్ నోటు రెండూ నీలం రంగులోనే ఉంటాయి. ప్యాకేజీ మీద టూర్ వాళ్లు ముందే వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్, మీ పాన్ మీదే కట్టారా లేదా చూసుకోండి, రిటర్న్ వేసినప్పుడు దాన్ని పన్నులో సర్దుకోవచ్చు, పన్ను పడనివాళ్లకు తిరిగి వస్తుంది. ఈ ముక్క తెలియక వదిలేసుకుంటున్న పెన్షనర్లు నాకు తెలుసు.

అందుకే టూర్లు నడిపేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. బయల్దేరడానికి నెల ముందు, పెద్ద అక్షరాలతో, తెలుగులో, రెండు వైపులా అచ్చు వేసిన ఒక్క కాగితం ఇవ్వండి. రోజుకు ఎంత నడక, ఎన్ని మెట్లు, బాత్రూమ్ ఎక్కడ, ఏ ఊళ్లో చలి, ఏ ఊళ్లో వేడి, ఎక్కలేనివాళ్లు ఎక్కడ కూర్చోవాలి. వెనక వైపు హోటల్ పేర్లు వాళ్ల లిపిలో, ఇన్సూరెన్స్ వాళ్ల ఫోన్ నంబర్, అక్కడి అంబులెన్స్ నంబర్ 115, హనోయిలో మన రాయబార కార్యాలయం, హోచిమిన్ సిటీలో మన కాన్సులేట్ నంబర్లు. ఇన్సూరెన్స్ ఫారంలో బీపీ, షుగర్ దాచకుండా రాయించండి, దాస్తే తర్వాత క్లెయిమ్ ఇవ్వరు. లక్ష రూపాయలు తీసుకునేవాళ్లకు ఒక కాగితం భారం కాదు.

పైసలు కట్టే పెద్దలు కూడా ఈ కాగితం ఇస్తేనే అడ్వాన్స్ ఇస్తామని అడగండి. పిల్లలు అమెరికాలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా ఒక ఆదివారం ఫోన్లో కూర్చుని ఆ పీడీఎఫ్ మొత్తం అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

మీ పత్రిక జిల్లా పేజీలో టూర్ల సీజన్ మొదలయ్యేలోపు ఈ విషయాలు ఒకసారి వేస్తే మా వాళ్లు కత్తిరించి దాచుకుంటారు. ఆ హెడ్మాస్టర్ సార్ దసరాకు శ్రీలంక పోతున్నారు. మొన్న కలిసినప్పుడు బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో రాసిమ్మని టూర్ ఆఫీసులో అడిగానని, ఇంకా ఇవ్వలేదని చెప్పారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
నల్గొండ