పార్కు పచ్చిక జమా ఖర్చులు (ట్యాంకర్ల సంగతి కూడా రాశాం, చివరిదాకా చదవండి)

కాలనీ వాళ్లందరికీ నమస్కారం. పచ్చిక లెక్క ఎప్పుడు చెప్తారని గ్రూపులో అడుగుతానే ఉన్నారు, ఒకరిద్దరు వెటకారంగా కూడా అడిగారు, సరే, ఇదిగో.

జమ: 54 ఇళ్లు, ఇంటికి 1,200 చొప్పున 64,800. అమెరికాలో ఉన్న మన పిల్లలిద్దరు కలిసి పంపింది 8,000. పోయినేడు వినాయక చవితి మిగులు 1,800. మొత్తం 74,600. ఇచ్చినోళ్లందరికీ, ముఖ్యంగా అడక్కముందే తెచ్చిచ్చిన మూడో లైను పెద్దమ్మకి దండాలు. ఇంకా 8 ఇళ్ల నుంచి 9,600 రావాలి. పేర్లు రాయట్లేదు, వాళ్లకే తెలుసు.

ఖర్చు: పచ్చిక 3,000 చదరపు అడుగులు, అడుగు 9 రూపాయల లెక్కన 27,000. కడియం నుంచి ఒంగోలు దాకా లారీ బాడుగ 6,500, ఇంకొకళ్ల లోడుతో కలిసొచ్చింది కాబట్టి అంతలో అయింది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు 9,500. తవ్వి, చదును చేసి, పరిచిన కూలి 8,000. పైపులు, స్ప్రింక్లర్లు 3,200. నీళ్లు పట్టినందుకు వాచ్‌మన్‌కి 3,000. ట్యాంకర్లు 26, ఒక్కోటి 700, మొత్తం 18,200.

అన్నీ కలిపి 75,400. తగ్గిన 800 ట్రెజరర్ గారు చేతినుంచి వేశారు, ఆయన వద్దన్నా రాస్తున్నాం.

ఇప్పుడు ట్యాంకర్ల దగ్గరికొద్దాం, గొడవంతా అక్కడే కదా. పార్కులో బోరు ఉండగా 18 వేలు నీళ్లలో పోశారంటున్నారు. ఆ బోరు నీళ్లు ఎట్టాంటివో కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకున్న ఉప్పు చూస్తే తెలుస్తుంది. కోసి చుట్టి తెచ్చిన పచ్చికకి వేరు ఒక అంగుళం కూడా ఉండదు, అది కింద మట్టి పట్టుకునేదాకా రెండు మూడు వారాలు మనం పోసే నీళ్లే దానికి దిక్కు, అట్టాంటప్పుడు ఉప్పు నీళ్లు పోస్తే ముందు కొసలు మాడి తర్వాత మొత్తం పోద్ది, అప్పుడు 27 వేలు పోయినట్టే కదా. మునిసిపల్ నీళ్లు పెట్టొచ్చుగా అన్నవాళ్లు వాళ్లింట్లో బిందెలు నిండకపోతే ముందు మామీదకే వచ్చేవాళ్లు.

ఎండల్లో ఎందుకు పరిచారని ఇంకో మాట. సంక్రాంతి కాగానే పరవాలనుకున్నాం, డబ్బులు చేతికి రావడానికి మార్చి దాటింది. వానలదాకా ఆగాల్సింది అంటారు, మనకి గట్టి వానలు పడేది అక్టోబరు, నవంబరులో, తుఫాను పట్టిందంటే పరిచిన మట్టి గడ్డితో సహా కాలవలోకి పోతుంది. లారీ దిగాక ఇంకో రోజు ఆపే వీల్లేదు, చుట్టల మధ్య చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది, అట్టాగే ఉంచితే లోపల్లోపలే పసుపెక్కిపోతుంది. అందుకే ఆ రోజు చీకటి పడ్డా లైట్లు పెట్టి పరిచారు.

తెల్లారగట్ల ట్యాంకర్ మోతకి నిద్ర చెడుతుందన్న వాళ్లకి ఒకటే మాట, రాత్రి పెడితే ఆకు తడి ఆరక బూజు పడుతుంది, మధ్యాహ్నం పెడితే సగం నీళ్లు ఎండకే పోతాయి.

సిమెంటు బాట పక్కన పసుపెక్కింది నిజమే. అంచులు, అతుకులు ముందు ఎండుతాయి, బాట వేడి కూడా తోడైంది. అక్కడ ఇసుక, మట్టి కలిపి సందులు పూడ్చి చేత్తో విడిగా నీళ్లు పడుతున్నాం. మధ్యలో గుండ్రంగా మాడిన చోటు మాత్రం నీళ్ల వల్ల కాదు, ఎవరో రాత్రిపూట యూరియా చల్లారు, పలుకులు కనపడ్డాయి, మంచికే చేసుంటారు గానీ అడిగి చెయ్యండబ్బా. మొన్న వేపచెట్టు వైపు ఒక మూల పట్టి లాగితే లేవలా, ఇంకాస్త గట్టిగా లాగితే కింద తెల్లటి వేర్లు మట్టితో సహా వచ్చాయి, చూసినోళ్లు ముగ్గురు ఉన్నారు, అడగండి.

వేరు పట్టింది కాబట్టి రోజూ తడపక్కర్లేదు, వారానికి రెండు మూడు సార్లు లోతుగా తడిస్తే చాలు. మొదటి కోత ఈ ఆదివారం, పైన మూడో వంతే కోస్తాం, నున్నగా గొరగమని అడగొద్దు. క్రికెట్ బ్యాచ్ ఇంకొన్నాళ్లు వెనక ఖాళీ స్థలంలోనే ఆడుకోండి, గేటు వెయ్యకపోతే ఆవులొస్తున్నాయి, అది కూడా చూసుకోండి.

రావాల్సిన 9,600 వస్తే ట్రెజరర్ గారి 800 పోను 8,800 ఉంటుంది, 12 ట్యాంకర్లకి సరిపోతుంది, రోహిణి కార్తె దాటేదాకా అదే ఆధారం. బిల్లులు, ట్యాంకర్ చీటీలు అన్నీ వాచ్‌మన్ గదిలో ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఫోన్‌పే చేసేవాళ్లు ఇంటి నంబరు రాయండి, పోయినసారి ఎవరిదో తెలీక ట్రెజరర్ గారు ఇల్లిల్లూ తిరిగారు.