గోళ్ల గీతలతో పెద్దవాళ్లను భయపెట్టకండి

అయ్యా,

గోళ్ల మీద గీతలుంటే కిడ్నీలు, లివర్ చూపించుకోవాలని పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో రాశారు. ఆ రోజు నుంచి మా అమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆమెకు 74 ఏళ్లు. ఏటా విత్తనానికి శనక్కాయలు ఒలిచిన చేతులవి. కుడి బొటనవేలి గోరు మధ్యకు చీలి, చీర కట్టుకునేటప్పుడు పోగులు అందులో చిక్కుకుంటాయి. పొద్దస్తమానం ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకుంటూ కూర్చుంది.

ఊరుకోలేక అనంతపురం తీసుకుపోయి ఒక ల్యాబ్‌లో పరీక్షలన్నీ చేయించాను. అన్నీ నార్మల్. చివరికి ఒక డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చూసి, "జుట్టు నెరిసినట్టే ఇదీనమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట మీరు రాసి ఉంటే మాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

వయసులో ఉన్నప్పుడు చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పెద్దయ్యే కొద్దీ ఆ పెరుగుదల తగ్గుతుంది, నిలువు గీతలు పడతాయి, గోరు పెళుసుబారి చీలుతుంది. అడ్డంగా గాడి పడితే కొన్ని వారాల కిందట గట్టి జబ్బు చేసి ఉండొచ్చు. గోరు చెంచాలా గుంటపడితే ఐరన్ తక్కువేమో చూడాలి. వేలి కొనలు ఉబ్బి గోళ్లు వంగితే ఊపిరితిత్తులో గుండో చూపించుకోవాలి. ఒక్క గోటిలోనే కొత్తగా నల్ల చార వచ్చి వెడల్పవుతుంటే అసలు ఆలస్యం చేయకూడదు. ఇవన్నీ వదిలేసి గీతలనే పట్టుకున్నారు.

ఇక కాలి గోళ్ల సంగతి ఎవరికీ పట్టదు. ముసలితనంలో అవి పెంకుల్లా మందమై పచ్చబడతాయి. వంగి తీసుకోవడానికి నడుం సహకరించదు. తీసిపెట్టే పిల్లలు బెంగళూరులో ఉంటారు. షుగర్ ఉన్న మా పక్కింటి అవ్వ బ్లేడుతో కోసుకుంటే ఆ పుండు మానక చివరికి వేలే తీసేశారు. మా ఊరికి వచ్చే వైద్య సిబ్బంది బీపీ, షుగర్ రాసుకుని పోతారు కానీ, చెప్పులు విప్పవ్వా, కాళ్లు చూస్తాం అన్నవాళ్లు ఒక్కరూ లేరు. వృద్ధుల కాళ్లు కూడా చూడమని అర్జీ పెట్టి నాలుగు నెలలైంది. చూస్తామన్నారు, అంతే. ఏ అర్జీకైనా ఇదే జవాబు. అడిగి అడిగి జనం నోరు మూసుకుంటున్నారు.

మీరైనా వచ్చే వారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, ఏ గోటికి భయపడాలో, దేనికి అక్కర్లేదో డాక్టర్లతో సరిగ్గా రాయించండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను.

ఒక పాఠకురాలు,
అనంతపురం జిల్లా