కనిగిరి నుంచి అమ్మాయికి ఫ్లోరిన్ గురించి

కనిగిరి

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మా అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నెల్లూరు హాస్టల్ నుంచి నీవు రాసిన ఉత్తరం అందింది. ఆవర్తన పట్టికలో ఫ్లోరిన్, క్లోరిన్ మొదలైన హాలోజన్ల వరుసలో పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ఎలక్ట్రాన్ ఎఫినిటీ, అంటే పరమాణువు ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకొన్నప్పుడు వెలువడే శక్తి, తగ్గాలి గదా, మరి ఫ్లోరిన్ కంటె క్లోరిన్‌కు ఎందుకు ఎక్కువగా ఉన్నదని అడిగావు. మినహాయింపు అని రాసుకొని వదిలేయకుండా కారణం అడిగినందుకు నాకు చాలా సంతోషం కలిగిందమ్మా.

ఫ్లోరిన్ పరమాణువు మరీ చిన్నది. దాని ఏడు వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బయటి కక్ష్యలోనివి, ఆ ఇరుకులోనే సర్దుకొని ఉంటాయి గనుక, ఎనిమిదవది రాబోయినప్పుడు దానిని వికర్షిస్తాయి. అందువల్ల వెలువడే శక్తి మోలుకు 328 కిలోజౌల్స్ మాత్రమే. కాస్త విశాలమైన క్లోరిన్‌లో అది 349. అయినా ఇతర పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లను లాక్కొనే ఆక్సీకరణ సామర్థ్యంలో మొదటి స్థానం ఫ్లోరిన్‌దే. ఎందుకంటే ఆ ఇరుకే దాని అణువులోని బంధాన్ని కూడా బలహీనపరచింది: క్లోరిన్ బంధాన్ని తెంచడానికి 243 కిలోజౌల్స్ కావలసి ఉండగా దీనికి 159 చాలు. పైగా ఏర్పడిన చిన్న ఫ్లోరైడ్ అయాన్‌ను నీటి అణువులు గట్టిగా చుట్టుకొని మరింత శక్తిని వెలువరిస్తాయి. ఇంతటి చర్యాశీలత వల్లనే 1886లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మ్వాసాన్ వేరుచేసేదాకా అది ఎవరికీ చిక్కలేదు.

మన బోరు నీళ్ళలో ఉన్నది ఫ్లోరిన్ కాదు, ఫ్లోరైడ్. ఈ తేడాను పరీక్షలోనే కాదు, ఇంట్లోనూ మరువవద్దు. ఎలక్ట్రాన్ దక్కిన ఫ్లోరినే ఫ్లోరైడ్; ఆ తరువాత దానికి ఆ ఉగ్రత ఉండదు. రాళ్ళలోని ఖనిజాల నుంచి రంగూ రుచీ తెలియకుండా నీటిలో కలుస్తుంది. పరిమాణంలో హైడ్రాక్సైడ్ అయాన్‌కు దాదాపు సమానం కావడం వల్ల, ఎముకలోని ఖనిజంలో దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండవలసిన ఈ ఫ్లోరైడ్‌ను మన పెద్దలు ఏళ్ళ తరబడి ఎక్కువ పాళ్ళలో తాగి, పండ్లు గారపట్టి, నడుములు వంగిపోయి బాధపడ్డారు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో వైద్యులు తొలిసారిగా ప్రకటించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. అప్పటికి మన కనిగిరి ఆ జిల్లాలోనిదే.

నాయనమ్మ ఇప్పటికీ బోరు నీళ్ళే కాచి తాగుతున్నది. కాచితే నీరు ఆవిరైపోతుంది గాని ఫ్లోరైడ్ పోదని, మిగిలిన నీటిలో దాని గాఢత ఇంకా పెరుగుతుందని ఎన్నిసార్లు చెప్పినా నా మాట వినడం లేదు. దసరా సెలవులకు వచ్చినప్పుడు నీవు పక్కన కూర్చొని చెప్పు, నీ మాట వింటుంది.

ఇట్లు,
మీ నాన్న